అసలు తగ్గుతుంటే వడ్డీ తగ్గదేం?

పదో తరగతి పిల్లలకు లెక్కలు తేలిక చేయాలా వద్దా అన్నది ఎప్పటికీ తెగని పంచాయితీ. సీబీఎస్‌ఈ 2020 పరీక్షల నుంచి పదో తరగతి లెక్కల్లో స్టాండర్డ్, దానికంటే తేలికగా బేసిక్ అని రెండు పేపర్లు పెట్టింది. పిల్లలకు భారం తగ్గుతుందని ఒక పక్షం, చదువు పలచబడుతుందని ఇంకో పక్షం. నా చికాకల్లా ఒకటే. రెండు పక్షాలూ లెక్కల పేరు చెప్పి కాలేజీ సీటు గురించే మాట్లాడతాయి.

సీటు వచ్చాక ఆ లెక్కలు ఏమవుతాయో నన్నడగండి. నెల్లూరులో ఎంపీసీ చదివాను. ఇంటర్ రెండేళ్లూ కలిపి లెక్కల్లో 300కి 291. చెన్నైలో ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఓ లక్ష అవసరపడిన సమయానికే ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి ఫోన్. "12 శాతమే సార్, ఫ్లాట్. మూడేళ్లు. నెలకు 3,778 కట్టుకుంటే చాలు." ఏడాదికి పన్నెండంటే నెలకు నూటికి రూపాయి. రూపాయి వడ్డీ! మా ఊళ్లో సొంత చుట్టాలు కూడా ఆ వడ్డీకి ఇవ్వరు. మారు మాట్లాడకుండా సంతకం పెట్టేశాను.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకు గొప్పగా చెప్పాను. ఆయన కిరాణా కొట్లో కందిపప్పు తూస్తూ, తలెత్తకుండా అడిగాడు: "నెలనెలా కట్టేదాంట్లో అసలు కూడా ఉందా?"

"ఉంది."

"మరి అసలు తగ్గుతుంటే వడ్డీ తగ్గదేంరా?"

నా 291 మార్కుల్లో దీనికి జవాబు దొరకలేదు. నాన్న ఏదో పుట్టు మేధావి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అంతకు పదేళ్ల ముందు ఒక చీటీలో బాగా మునిగి, ఆ తర్వాతే ఇలాంటి ప్రశ్నలు వేయడం నేర్చుకున్నాడు. క్యాలెండర్ కాగితం చించి వెనక పెన్సిల్‌తో వేశాడు. మూడేళ్లకు నేను కట్టే వడ్డీ 36,000, అంటే ఏడాదికి 12,000. కానీ లక్ష రూపాయలూ నా దగ్గర ఉన్నది మొదటి నెల ఒక్కటే. చివరి నెలకొచ్చేసరికి నేను బాకీ ఉన్న అసలు నాలుగు వేలు కూడా ఉండదు. మొత్తం మీద సగటున నేను వాడుకున్నది యాభై, అరవై వేల మధ్య. వడ్డీ మాత్రం నిండు లక్షకు కడుతున్నాను. ఫ్లాట్ అంటే అదీ. "ఇది రూపాయి వడ్డీ కాదు. రెండు రూపాయలకి కాస్త తక్కువ," అని తేల్చాడు. తర్వాత కంప్యూటర్‌లో సరిగ్గా వేసి చూస్తే 21 శాతం పైచిలుకు వచ్చింది. మన భాషలో రూపాయి ముప్పావలా వడ్డీ.

ఇప్పుడు ఆ బాధ లేదంటారు కొందరు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ (మామూలు జనం తీసుకునే) వాయిదాల అప్పులన్నిటికీ, ఛార్జీలతో సహా అసలైన వార్షిక వడ్డీ ఎంతో ఒక కాగితం మీద ముందే చూపించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మంచి పనే. అయితే 12 అని ఫోన్లో విన్నవాడికి కాగితం మీద 21 కనబడితే గుండె గుభేలుమనాలి. అలా అనాలంటే రెండూ ఒకటి కాదని ముందే తెలిసుండాలి. తెలియనివాడు "ఏదో రూల్ కోసం వేసుంటార్లే" అనుకుని ఆ కాగితం మీద కూడా సంతకం పెడతాడు.

లెక్కలు తేలిక చేయాలనేవాళ్ల వాదన కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంది, ఏఐ ఉంది, సైన్ తీటా కాస్ తీటా బతుకులో ఎవడికి పనికొచ్చాయి అంటారు. తీటా సంగతి ఒప్పుకుంటాను, నాకూ పనికి రాలేదు. కానీ క్యాలిక్యులేటర్ మనం అడిగిందే చెబుతుంది. "వడ్డీ తగ్గదేం" అని దానంతట అది అడగదు.

చెన్నైలో ఇల్లు కొనేవాళ్లను చూస్తే నాకు ఇంకా భయమేస్తుంది. 2015 డిసెంబరు వానను వందేళ్లకోసారి వచ్చే వాన అన్నారు. ఆ తర్వాత, ఆ వానకు మునిగిన వేళచ్చేరిలో ఫ్లాటు చూడబోతే బ్రోకర్ నాతో అన్న మాట: "రావాల్సింది వచ్చేసింది సార్, ఇంక వందేళ్ల దాకా భయం లేదు." పక్కనున్న నా స్నేహితుడు, ఎంటెక్ చదివినవాడు, తలూపాడు! వందేళ్లకోసారి అంటే ఏ ఏడాదికా ఏడాది నూటికి ఒక వంతు అవకాశం అని. నిరుడు వచ్చిందా లేదా అన్నది వానకు గుర్తుండదు. ఇరవై ఏళ్ల హోమ్ లోన్ తీసుకుంటే, 0.99ని ఇరవై సార్లు హెచ్చవేయండి, 0.82 వస్తుంది. అంటే అప్పు తీరేలోగా అంతటి వాన ఒక్కసారైనా పడే అవకాశం నూటికి 18. వాతావరణం ఇప్పటిలాగే ఉంటే ఈ మాట, అది ఉండడం లేదు. ఇంటర్ రెండో ఏడు సంభావ్యత పాఠంలో ఇదే లెక్క పాచికలతో చేయించారు మాకు. పాచికలు కాబట్టి చేశాం. 2023లో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై మళ్లీ మునిగాయి.

డిసెంబరు 22 రాగానే ఈ నగరం గణిత మేధావి రామానుజన్ పుట్టినరోజని ఆయన ఫొటోకు దండ వేస్తుంది. ఆయన అనంతమైన శ్రేణులు మనకు అందవు, అందకపోతే నష్టమూ లేదు. 1912లో మద్రాసు హార్బరు ఆఫీసులో నెలకు 30 రూపాయల జీతానికి ఆయన చేసింది అకౌంట్స్ గుమాస్తా పని. మనకు కొరత ఆ గుమాస్తా లెక్కకే.

ఆ కొరతకు సిలబస్‌ను తిట్టడం సులువు. నా అనుమానం వేరే. లెక్క మన ఇళ్లలో మాట్లాడే భాషలోంచి వెళ్లిపోయింది. పావు, అర, ముప్పావు, పదహారో వంతుకు వీసం, అరవై నాలుగో వంతుకు కాణి. భిన్నాలు ఇంత చక్కగా నోట్లో నలిగిన భాష మనది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఇవాళ "వీసమెత్తు గర్వం లేదు" అంటాం, వీసం ఎంతో అడిగితే దిక్కులు చూస్తాం. "డెబ్బై ఆరు" అంటే మా మేనల్లుడు "సెవెంటీ సిక్సా, సిక్స్‌టీ సెవెనా మామయ్యా?" అంటాడు. బళ్లో చేసే లెక్క ఇంగ్లీషులో, ఇంట్లో పాలవాడి లెక్క తెలుగులో. రెండూ ఎక్కడా కలవవు కాబట్టే 291 మార్కులవాడు ఫోన్లో విన్న పన్నెండును నమ్ముతాడు. బళ్లలో తమిళం తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ నిర్బంధ చట్టాన్ని తిడుతూ చెన్నై తెలుగువాళ్లం ఇక్కడ సభలు పెట్టుకుంటాం. ఇంటి ఖర్చుల లెక్క పిల్లలకు తెలుగులో చెప్పొద్దని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

నేనేం పొడిచానని అడుగుతారేమో. మొన్న ఆదివారం మా అమ్మాయిని కూరగాయలకు పంపాం. కొళత్తూరు సందు చివరి కొట్లో చక్కటి తమిళంలో ముక్కాల్ (మన ముప్పావు) కిలో బెండకాయలు తూయించుకుని, చిల్లర లెక్క చూసుకుని మరీ తెచ్చింది. "ముప్పావు కిలో తెచ్చావా?" అని వంటింట్లోంచి వాళ్లమ్మ అడిగింది.

"లేదమ్మా, ముక్కాల్ కిలోనే తెచ్చా."