ఏళ్లు కాదు, బండిని చూడండి

పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకోవడానికి 2022 మార్చి దాకా 600 రూపాయలు కడితే సరిపోయేది. ఆ ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు పైబడిన కార్లకు 10,000 చేశారు. పాత బండ్లు రోడ్ల మీద తగ్గాలన్నదే దీని ఉద్దేశం. చెన్నై అన్నాసాలై సిగ్నళ్ల దగ్గర పొగ మింగిన ఎవరికైనా అది అర్థమవుతుంది, మేమూ దాన్ని తప్పుపట్టడం లేదు. మా అభ్యంతరమల్లా ఒక్కటే. బండి ఎలా ఉందన్నదానితో పనిలేకుండా, దాని వయసు చూసి ఫీజు పెంచే ఈ పద్ధతిలో, ఇంటి ముందు పాత జీపునో మారుతి జిప్సీనో విప్పుకుని ఓపిగ్గా బాగుచేసుకునే మనిషికి చోటు లేకుండా పోతోంది.

చెన్నైలో అలాంటివాళ్లు తెలుగువారిలోనూ ఉన్నారు. బ్యాంకు ఉద్యోగి, ఐటీ కంపెనీ ఇంజనీరు, రిటైరైన స్కూలు మాస్టారు. వృత్తికి ఎవరూ మెకానిక్కులు కారు. నాయుడుపేట దగ్గరో సూళ్లూరుపేట దగ్గరో కొట్టంలో ఏళ్ల తరబడి నిలిచిపోయిన తాతగారి జీపును లారీ మీద వేయించుకుని జీఎన్‌టీ రోడ్డు మీదుగా తెచ్చుకున్నవారు కొందరు. వేలంలో జిప్సీ కొనుక్కుని పెరంబూరు సందులో టార్పాలిన్ కింద పెట్టుకున్నవారు ఇంకొందరు. ఒకప్పుడు మన పల్లెల్లో తహసీల్దారు వచ్చినా, ఎన్నికల మైకు వచ్చినా, పెళ్లివారు కదిలినా జీపే. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం కూడా పాత షెవ్రొలె వ్యానును మలచుకున్నదే, దాని స్టీరింగు పట్టింది హరికృష్ణ. పాత బండిని నిలబెట్టి పనిలో పెట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు.

ఈ బండ్లు ఔత్సాహికుల చేతికి లొంగడానికి కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. 1969 నుంచి 1999 దాకా సైన్యం కోసం జబల్‌పూర్‌లో జోంగా తయారైంది, దానిది నిస్సాన్ డిజైను, దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను. 1985 డిసెంబరులో మారుతి జిప్సీ వచ్చింది. మొదట 970 సీసీ, 1996 నుంచి 1.3 లీటర్ల ఇంజను. మూడింటికీ కింద నిచ్చెన ఆకారపు చాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం), నాలుగు మూలలా కమాన్ పట్టీలు, ముందు వెనక గట్టి యాక్సిళ్లు. తొలితరం బండ్లలో కంప్యూటరు మచ్చుకైనా లేదు. ఇంజను బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు, లీవరు వేస్తే ముందు చక్రాలకూ బలం అందుతుంది, లో రేంజిలో వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. ఏది ఎందుకు తిరుగుతోందో విప్పి చూస్తే కంటికి కనిపిస్తుంది. రింగు స్పానర్ల సెట్టు, టార్క్ రెంచి, ఒక మల్టీమీటరు, కంపెనీ సర్వీసు మాన్యువల్ ఉంటే మామూలు మనిషి చాలా దూరం వెళ్లగలడు.

అయితే చెన్నైలో ఇంజను కంటే తుప్పు ఎక్కువ పరీక్ష పెడుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, గాలి చాలు. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ తేమలో కలిస్తే పని మరీ వేగంగా జరుగుతుంది. సముద్రం పక్కనున్న తిరువొత్తియూరులో ఆరుబయట నిలిపిన బండినీ తిరుపతిలో నిలిపిన బండినీ కింద పడుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో మునిగినవాటి సంగతి ఇక చెప్పక్కర్లేదు. వాటి యాక్సిల్ ఆయిలు తెల్లబారి ఉందంటే లోపలికి నీళ్లు దిగాయని లెక్క.

చాసిస్ కమ్మీలు పెట్టెల్లా మూసి ఉంటాయి కాబట్టి తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కొనేముందు చిన్న సుత్తి పట్టుకుని బండి కిందికి దూరాలి. గట్టి ఇనుమును తడితే ఖంగుమంటుంది. తినేసిన చోట చప్పుడు చచ్చిపోయి, పెచ్చులు మొహం మీద రాలతాయి. అక్కడ స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఫ్లోరు మీద అయస్కాంతం జరుపుతూ పోతే, గుంటలు కప్పే పుట్టీని మందంగా కొట్టి రంగేసిన చోట అది పట్టు వదిలేస్తుంది. ఈ అరగంట పరీక్ష చేయకుండా బేరం కుదుర్చుకున్నవాళ్లే తర్వాత సగంలో వదిలేసి, ఆ బండిని వీధికి బరువుగా మిగులుస్తున్నారు.

గ్రైండరు ప్లగ్గు పెట్టే ముందు ఇంకో పని ఉంది. చాసిస్ మీద కొట్టిన నంబరును కిరోసిన్ గుడ్డతో తుడిచి, సన్న కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవాలి. ఆర్సీ పుస్తకంలోని నంబరుతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తుప్పు వదిలించే ఉత్సాహంలో ఆ నంబరు మీద గ్రైండరు నడిచిందా, బండిని అద్దంలా చేసినా ఆర్టీవో ఆఫీసులో దానికి ఉనికి ఉండదు. నంబరు ఉన్న చోట చేత్తో, మెత్తటి బ్రష్షుతో మాత్రమే పనిచేయాలి.

ఫ్లోరు మార్చేటప్పుడు, తుప్పు పట్టదు కదా అని జీఐ రేకు తెచ్చుకుని వెల్డింగుకు కూర్చోవడం ప్రమాదం. దాని మీది జింకు పూత వేడికి పొగై జ్వరం తెప్పిస్తుంది. జింకు పూత లేని మామూలు సీఆర్ రేకు తెచ్చుకుని, ఒకచోట చుక్క పెట్టి, చల్లారనిచ్చి, దూరంగా ఇంకో చుక్క పెడుతూ పోవాలి. ఒకే బిగిన గీత లాగితే రేకు వంకర తిరుగుతుంది. పెట్రోలు ట్యాంకును మాత్రం ఇంట్లో ముట్టుకోనే కూడదు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదు, స్టాండ్లు వేయాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి పారేయాలి. బ్రేకులు, స్టీరింగు ఎంత బాగా చేసుకున్నామనుకున్నా అనుభవమున్న మెకానిక్కు చూసి సరేననేదాకా బండి వీధి దాటకూడదని మా గట్టి అభిప్రాయం.

విడిభాగాల విషయంలో చెన్నై అదృష్టం చేసుకున్న నగరం. కొత్త సామానుకు జీపీ రోడ్డు, పాత సామానుకు ఎగ్మూరు పక్కన పుదుపేట. కంపెనీ తయారీ ఆపేసిన గేరు పళ్లచక్రం, హబ్బు, డిఫరెన్షియల్ దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. కానీ అక్కడ కొన్న ప్రతి సామానుకూ బిల్లు అడిగి తీసుకోవాలి. దొంగబండి భాగాలు తెలియక కొన్నా చిక్కులు కొన్నవాడివే. మరోవైపు 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోయింది, వాటిని నమోదైన తుక్కు కేంద్రాలకే పంపాలి. అలా వెళ్లేవాటిలో జీపులూ జిప్సీలూ ఉన్నాయి. వాటిని కరిగించే ముందు గేరుబాక్సులు, యాక్సిళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసులు విప్పి, నంబరు వేసి, బిల్లుతో అమ్మే ఏర్పాటు ఉంటే దొంగసామాను బెడదా తగ్గుతుంది, మంచి ఇనుమూ నిలుస్తుంది.

సొంతూరి నుంచి బండి తెచ్చుకునే తెలుగువారికి ప్రత్యేకంగా ఒక మాట. ఏపీ 26, ఏపీ 03 నంబర్లతో వచ్చిన జీపు తమిళనాడులో ఏడాదికి మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. బండి ఇంకా తాతగారి పేరునే ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. ఇవేవీ చూసుకోకుండా ఇంజను విప్పేసి, చివరికి కాగితాల దగ్గర ఆగిపోవడం మాటల్లో చెప్పలేని బాధ. డబ్బు సంగతి అలా ఉంచి, ఎన్నో ఆదివారాల కష్టం అందులో ఉంటుంది. కాగితాలు తేలాకే స్పానరు పట్టండి.

ఇక చట్టం సంగతి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 20,000 రూపాయల ఫీజుతో ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు, రోజువారీ తిరగకూడదు. మంచి నిబంధనే. కానీ 1985లో వచ్చిన మొట్టమొదటి జిప్సీకి ఆ అర్హత 2035లో గానీ రాదు. అంతదాకా అది ఇరవై ఏళ్లు దాటిన కారుగానే లెక్క, ఐదేళ్లకోసారి 10,000 కట్టాల్సిందే. ఎంత ప్రేమగా బాగుచేసినా, ఎంత నిర్లక్ష్యంగా వదిలేసినా ఫీజులో తేడా లేదు. జర్మనీలో ముప్పై ఏళ్లు దాటి, అసలు రూపంలో, మంచి స్థితిలో ఉన్న బండిని నిపుణుడు పరీక్షించాక ప్రత్యేక నంబరు ఇస్తారు. 1997 నుంచీ ఆ పద్ధతి అక్కడ ఉంది. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య కూడా ముప్పై ఏళ్లనే హద్దుగా పెట్టుకుంది.

పాత కార్బొరేటర్ బండి, ఇప్పటి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో వచ్చే కారు కంటే ఎక్కువ పొగ వదులుతుంది. ఇందులో వాదనకు తావు లేదు. కాబట్టి రోజూ తిరిగే హక్కును మేము అడగడం లేదు. ముప్పై ఏళ్లు దాటిన బండికి వేరే తరగతి పెట్టండి. బ్రేకులు, స్టీరింగు, చాసిస్, పొగ చూసి, పాసైతేనే నంబరు ఇవ్వండి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లేనని హద్దు పెట్టండి. అందుకు ఒప్పుకుని పరీక్ష పాసైనవాడి దగ్గర శిక్షలాంటి ఫీజు వసూలు చేయడం మానండి.

అసలు రూపం అన్నమాటను ఔత్సాహికులూ గట్టిగా పట్టుకోవాలి. ఇష్టమొచ్చిన డీజిల్ ఇంజను ఎక్కించడం, చాసిస్ కోసి పొడవు పెంచడం, పెద్ద టైర్ల కోసం బాడీ లేపడం బాగుచేయడం కిందికి రావు. కంపెనీ వివరాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే స్పష్టం చేసింది. అలాంటి బండ్ల వల్లే పోలీసులు నిజాయతీగా పనిచేసినవారినీ అనుమానంగా చూస్తున్నారు.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ-20. పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించుకోవడం, నిలిపే బండిలో పెట్రోలు పాతబడనివ్వకపోవడం తప్పనిసరి. పాతబండ్లవారి కోసం ఇథనాల్ లేని పెట్రోలును నగరంలో కొన్ని బంకుల్లోనైనా అందుబాటులో ఉంచమని చమురు సంస్థలను కోరుతున్నాం.

ఇరుగుపొరుగుల మాటా వినాలి. అపార్టుమెంటు పార్కింగులో మధ్యాహ్నం వేళ గ్రైండరు అరుస్తుంటే పక్కింటి పసిబిడ్డ నిద్రపోదు. తీసేసిన ఇంజనాయిలును డ్రైనేజీలో పోస్తే అది చివరికి కూవం నదికో అడయారు నదికో చేరుతుంది. వాడేసిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి.

ఈ ఇబ్బందులన్నీ ఇంటి ముందు చోటు చాలకపోవడం వల్ల వచ్చేవే. గిండీ, అంబత్తూరు ప్రభుత్వ ఐటీఐలను ఆదివారాలు తగిన ఫీజు మీద, ఒక ఇన్‌స్ట్రక్టరు పర్యవేక్షణలో ఈ ఔత్సాహికులకు తెరిస్తే వెల్డింగు సరైన చోట జరుగుతుంది, ఆయిలుకు ఒక డ్రమ్ము ఉంటుంది, బ్రేకులు చూసే పెద్దదిక్కు పక్కనే ఉంటాడు. మోటార్ మెకానిక్ ట్రేడు పిల్లలకు కార్బొరేటరు, ట్రాన్స్‌ఫర్ కేసు చేత్తో పట్టుకుని చూసే అవకాశం దొరుకుతుంది. వింటేజ్ నిబంధన మార్చడం ఢిల్లీ చేతిలో ఉంది, దానికి సమయం పడుతుంది. ఐటీఐ తలుపు తీయడానికి మాత్రం రాష్ట్ర రవాణా శాఖ, ఉపాధి శిక్షణ శాఖ ఒకసారి కలిసి కూర్చుంటే చాలు.