తడ దాటితే చెల్లని 197.5

మా అమ్మాయికి ప్లస్ టూలో, అంటే ఇక్కడి ఇంటర్లో, 600కి 584 వచ్చాయి. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ జేఈఈ మెయిన్‌లో 61.2847193 పర్సంటైల్ వచ్చింది. పిల్ల ఒక్కతే, బుర్ర ఒక్కటే, రెండు పరీక్షలకీ మధ్య గట్టిగా నెల రోజుల తేడా కూడా లేదు. ఈ రెండు అంకెలనీ ఒకే ఇంట్లో పెట్టుకుని పెరంబూరులో ఒక తెలుగు కుటుంబం పరువుగా ఎలా బతకాలో ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ మార్గదర్శకాలు ఇవ్వలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత చివరికి నా మీదే పడింది.

ముందు ఆ ఏడు దశాంశాల సంగతి చూడాలి. నా జీతాన్ని కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు. పద్నాలుగు లక్షల పైచిలుకు మంది రాసిన పరీక్షలో మా అమ్మాయి నూటికి అరవై ఒక్క మంది కన్నా మెరుగు అని దాని అర్థమట. ఇది వినడానికి బాగానే ఉంటుంది, తిప్పి చెప్పుకుంటేనే కష్టం. ముందున్నవాళ్ళు ఐదు లక్షలు దాటారు, అంటే నెల్లూరు ఊరు ఊరంతా తరలివచ్చి మా అమ్మాయి ముందు క్యూ కట్టినట్టు. ఐఐటీలో చేరాలంటే రాయాల్సిన జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి పిలిచేది మొదటి రెండున్నర లక్షల మందినే కాబట్టి ఐఐటీ కథ అక్కడితో కంచికి.

ఇంట్లో ఆ వార్తకి సంతోషించింది మా అమ్మ ఒక్కతే. "అరవై ఒకటా? అయితే ఫస్ట్ క్లాసే కదరా, మీ నాన్నకి జన్మలో రాలేదు" అంది. పర్సంటైల్ వేరు, పర్సంటేజీ వేరు అని వివరించబోయాను. మా ఆవిడ నా చెయ్యి నొక్కింది. ఆ నొక్కులోనే నాకు జ్ఞానోదయం అయింది. సాయంత్రానికల్లా మా వీధిలో నలుగురు పెద్దావిడలకి మా అమ్మాయి ఫస్ట్ క్లాసులో పాసైన సంగతి తెలిసిపోయింది, ఒకావిడ జంతికలు కూడా పంపింది, తినేశాం.

తప్పెక్కడ జరిగిందో విచారించాం. కోచింగ్ సెంటర్‌ని అడిగితే (పేరు అనవసరం, రెండేళ్ళకి కట్టిన డబ్బుతో ఒక మంచి బండి వచ్చేది) "కాన్సెప్టులు బాగున్నాయి సార్, స్పీడే లేదు" అన్నారు. మూడు గంటల్లో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. అసలు సంగతి అమ్మాయే చెప్పింది, అక్కడిచ్చిన రఫ్ పేపర్ మీద కూడా ముందు మార్జిన్ గీసుకుందట! ఎడమ పక్క 'దత్తాంశం', దాని కింద 'కనుక్కోవాల్సింది', ఆ తర్వాత స్టెప్పు స్టెప్పుగా, జవాబు చుట్టూ ఒక డబ్బా. పన్నెండేళ్ళు స్కూల్లో మనం నేర్పిందే అది. స్టెప్పులకి మార్కులుంటాయమ్మా, నీట్‌గా రాయమ్మా, స్కేలు పెట్టి గీతగియ్యమ్మా అని చెవినిల్లు కట్టుకుని పోరిందెవరు? నేనే. ఆ కంప్యూటర్‌కి మార్జిన్ కనపడదని ఎవరూ నాకు చెప్పలేదు.

ఇక్కడ మద్రాసులో ఉండటం మా అదృష్టమో, దురదృష్టమో ఇంకా తేలలేదు. తమిళనాడు 2006లో చట్టం చేసి ఇంజనీరింగ్‌కి ఎంట్రన్స్ పరీక్షే తీసేసింది. కోచింగ్‌కి డబ్బు పెట్టలేని పల్లెటూరి పిల్లలు నష్టపోతున్నారన్నది అందుకు చెప్పిన కారణం. అప్పట్నించి ప్లస్ టూ మార్కులే లెక్క: లెక్కల్లో వందకి వంద, ఫిజిక్స్, కెమిస్ట్రీలు చెరిసగం చేసి యాభై యాభై, మొత్తం రెండు వందలు. దాన్నే కటాఫ్ అంటారు. మా అమ్మాయికి లెక్కల్లో 100, ఫిజిక్స్‌లో 98, కెమిస్ట్రీలో 97, కలిపితే కటాఫ్ 197.5.

మే నెలలో ఆ అంకె తెలిసిన రోజు ఎదురింటాయన మెట్లు దిగుతూ "కటాఫ్ ఎవ్వళవు సార్?" అన్నాడు, ఎంత అని. చెప్పాను. ఆయన చేతిలోని పాల ప్యాకెట్ కింద పెట్టి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. పదకొండేళ్ళ పరిచయంలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

అదే ఊపులో గుంటూరు ఫోన్ చేసి మా బావమరిదికి చెప్పాను. "197.5 అంటే ఎంతకి బావా?" అన్నాడు. రెండు వందలకి అన్నాను. "అది సరే, ర్యాంకెంత?" ఇక్కడ ర్యాంకు లిస్టు ఇంకా రాలేదయ్యా అంటే "అది కాదు బావా, జేఈఈలో ఎంత? పోనీ ఎంసెట్ రాయించావా?" అన్నాడు. 2021లోనే దాని పేరు ఈఏపీసెట్ అయిందని చెప్పి మాట మార్చబోయాను, మారలేదు. పర్సంటైల్ చెప్పాల్సి వచ్చింది. అవతల కాసేపు ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత "ఆరోగ్యం బాగానే ఉందా అమ్మాయికి?" అన్నాడు.

ఆ రాత్రే నా సిద్ధాంతం రూపుదిద్దుకుంది. మార్కులు కూడా కరెన్సీ లాంటివే. రాష్ట్ర సరిహద్దుకి ఇవతల ఆరంబాక్కం దాకా మా అమ్మాయి విలువ 197.5, అవతల ఆంధ్రాలోని తడ దాటగానే 61. కాబట్టి తడ దగ్గర హైవే పక్కన ఒక మార్పిడి కౌంటర్ పెట్టాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకి ఇందుమూలంగా విన్నవించుకుంటున్నాను. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి పోయే కుటుంబాలు అక్కడ దిగి, ఇక్కడి కటాఫ్ ఇచ్చి అక్కడ చెల్లే ర్యాంకు పుచ్చుకుని మళ్ళీ కారెక్కుతాయి. కమిషన్ ఎంతైనా ఇస్తాం. అది వచ్చేలోపు మా ఇంట్లో తాత్కాలిక విధానం అమలు చేస్తున్నాం: తమిళులకి కటాఫ్, డెబ్బై దాటినవాళ్ళకి ఫస్ట్ క్లాస్, ఆంధ్రా నంబర్ నుంచి ఫోనొస్తే నేను బాత్రూంలో ఉన్నట్టు.

అంతా సర్దుకుందనుకుంటాను గానీ, ఆఫీసు పని మీద సర్దార్ పటేల్ రోడ్డులో బస్సు పోతున్నప్పుడు ఐఐటీ గేటు కనపడితే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. లోపల జింకలు తిరుగుతుంటాయి, వాటినెవరూ పర్సంటైల్ అడగలేదు. ఆ పక్కనే అన్నా యూనివర్సిటీ, గిండీ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. 1794లో సర్వే స్కూలుగా మొదలైన కాలేజీ అది, ఐఐటీ కన్నా నూట అరవై ఐదేళ్ళు పెద్దది. నాగార్జునసాగర్ కట్టించిన కె.ఎల్. రావు గారు చదివింది అక్కడే. ఈ సంగతి మా బావమరిదికి మెసేజ్ పెట్టాను. చూసినట్టు రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

ఇంత జరుగుతుంటే అమ్మాయి మాత్రం కౌన్సెలింగ్‌కి ఏ కాలేజీలు ఏ వరసలో పెట్టాలో కాగితం మీద రాసుకుంటోంది. మార్జిన్ గీసుకునే.

మొన్న ఆదివారం బావమరిదే ఫోన్ చేశాడు. బాత్రూం సాకు చెప్పేలోపు మా ఆవిడ ఎత్తి నా చేతికిచ్చింది. గొంతు మెత్తగా ఉంది. వాళ్ళబ్బాయికి జేఈఈలో 98 పర్సంటైల్ వచ్చిందని ఏప్రిల్‌లో ఊరంతా స్వీట్లు పంచారు, మాకూ కొరియర్‌లో కాజాలొచ్చాయి. తీరా చూస్తే ఇంటర్లో 71 శాతమేనట. ఎన్ఐటీలో చేరాలంటే 75 శాతం ఉండాలి, లేదంటే బోర్డులో పై ఇరవై పర్సంటైల్‌లో ఉండాలి. రెండూ లేవు. రెండేళ్ళూ జేఈఈ తప్ప ఇంకో పుస్తకం ముట్టనివ్వలేదట ఆ హాస్టల్ వాళ్ళు.

"మీ మద్రాసులో మార్కులకే సీట్లిస్తారుగా బావా, మావాడి మార్కులకి అక్కడేమన్నా దారుందేమో కాస్త కనుక్కుంటావా?" అన్నాడు.

నాకు నిజంగానే జాలేసింది. ఓదార్చాలనే నోరు తెరిచాను. కానీ బయటికొచ్చింది వేరే మాట.

"కటాఫ్ ఎంతయ్యా?"

అవతల మళ్ళీ ఫ్యాను చప్పుడు.