రొమ్ము ఉంచి గడ్డ తీశాక ఎమ్మారై ఎప్పుడు?

రొమ్ము క్యాన్సర్ అనగానే రొమ్ము మొత్తం తీసేయాల్సిందే అనుకునే రోజులు పోయి చాలా కాలమైంది. గడ్డనీ దాని చుట్టూ కొంత మంచి కణజాలాన్నీ తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తే, ఎంతకాలం బతుకుతారన్న విషయంలో పూర్తిగా తీసినవాళ్లకీ వీళ్లకీ తేడా కనపడలేదని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం, ఇటలీలో వెరోనేసి బృందం 20 ఏళ్ల ఫలితాలు చూసి 2002లో చెప్పాయి. అయితే రొమ్ము మిగిలిందంటే అనుమానమూ మిగులుతుంది. అదే చోట మళ్లీ వస్తే? ఆ భయంతో ఆపరేషన్ అయిన కొద్ది నెలలకే "ఒకసారి ఎమ్మారై తీయించేద్దామండీ" అని డాక్టర్ వెంటపడేవాళ్లున్నారు. అంత తొందర వద్దంటాను నేను.

ఈ స్కాన్‌లో నరానికి గాడోలినియం మందు ఎక్కిస్తారు. రక్తప్రసారం ఎక్కువున్న చోట అది చేరి తెల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ అలా కనిపిస్తుంది, నిజమే, కానీ మానుతున్న గాయమూ అలాగే కనిపిస్తుంది కదా! కోసిన చోట ఆరు నెలల దాకా, రేడియేషన్ కూడా పడితే ఏడాదిన్నర దాకా, ఒక్కోసారి అంతకుమించీ ఈ తెలుపు ఉండొచ్చు. ఆలోపు ఏ కారణమూ లేకుండా తీయిస్తే రిపోర్టులో ఏదో ఒక అనుమానం రాస్తారు, దాని మీద బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం), ఇంటిల్లిపాదికీ టెన్షన్. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలున్నాయని పాథాలజీ చెప్పినప్పుడు లోపల ఇంకెంత మిగిలిందో చూడ్డానికి వెంటనే తీసే ఎమ్మారై సంగతి వేరు, దాన్ని వాయిదా వేయమనడం లేదు.

మచ్చ బాగా పాతబడ్డాక ఇదే స్కాన్ భలే పనికొస్తుంది. మామోగ్రామ్‌లో (రొమ్ముకి తీసే ఎక్స్‌రేలో) మచ్చా, తిరగబెట్టిన క్యాన్సరా తేలనప్పుడు, ఆ చోటు మందు అసలు తీసుకోకపోతే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. ఫ్యాట్ నెక్రోసిస్ అని ఒకటుంది, దెబ్బతిన్న కొవ్వు గట్టిపడి అచ్చం గడ్డలా నటిస్తుంది, పెద్ద మాయలమారి. దాని మధ్యలో కొవ్వు ఉందని ఎమ్మారైలో కనిపిస్తే గుట్టు రట్టయినట్టే. అన్నిసార్లూ అంత తేలిగ్గా దొరకదనుకోండి, అప్పుడు బయాప్సీ తప్పదు.

ఇక ఏటా ఎవరికి? రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో 50 ఏళ్లలోపు జబ్బు బయటపడినవాళ్లకీ, రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లకీ మామోగ్రామ్‌తో పాటు ఏటా ఎమ్మారై ఉండాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2018లో సిఫారసు చేసింది. ఈ రెంటిలో ఏదైనా మీకు వర్తిస్తే మొహమాటపడకుండా అడగండి, వద్దంటే ఎందుకు వద్దో కూడా అడగండి. నాకు కోపం వచ్చేదిక్కడే, అక్కర్లేని తొందరలో పట్టుబట్టే మనం అడగాల్సిన చోట మాత్రం "డాక్టర్‌గారికి తెలీదా" అని నోరు మూసుకుంటాం. ఎమ్మారై ఉంది కదా అని మామోగ్రామ్ మానేయడమూ కుదరదు, ఒక్కోసారి క్యాన్సర్‌కి గుర్తయ్యే సన్నటి కాల్షియం చుక్కలు పట్టుకునేది మామోగ్రామే.

నెలసరి వస్తున్నవాళ్లకు మామూలు చెకప్ స్కానయితే నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేసి రెండో వారంలో పెట్టించుకుంటే మేలు. కిడ్నీ సమస్య, పేస్‌మేకర్, రొమ్ములో ఎక్స్‌పాండర్ (చర్మం సాగడానికి లోపల పెట్టే సంచి) లాంటివుంటే ముందే చెప్పాలి. పాత స్కాన్‌లు, ఆపరేషన్ తేదీ, రేడియేషన్ ముగిసిన తేదీ కూడా వెంట తీసుకెళ్లండి, ఆ తేదీలు తెలియకపోతే ఆ తెలుపు గాయానిదో కాదో రేడియాలజిస్టుకి తేల్చడం కష్టం.