అతిమధురం పొడితో అల్సర్ మాయమైపోతుందా?

"రోజూ చెంచాడు అతిమధురం పొడి పాలల్లో కలిపి 21 రోజులు తాగండి. ఎంత పాత అల్సరైనా మాయం. మొక్క కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ లేవు. ఈ రహస్యాన్ని మందుల కంపెనీలు దాచిపెట్టాయి." ఈ వాట్సాప్ మెసేజ్ మా బంధువుల గ్రూపులోకి మూడుసార్లు వచ్చింది. అది చదివి మా పిన్ని మూడు వారాలు ఆ పొడి తాగింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రహస్యం సంగతి. దాచడం మాట అటుంచి, అతిమధురం వేరుతో మందే చేసి అమ్మారు. అతిమధురం సారంతో అల్సర్ రోగులకు ఉపశమనం దొరుకుతోందని 1946లోనే రెవర్స్ అనే డచ్ వైద్యుడు రాశాడు. అందులోని గ్లైసిరైజిన్ అనే పదార్థం ఆధారంగా 1960లలో బ్రిటన్‌లో కార్బెనోక్సలోన్ అనే మందు వచ్చింది. కడుపు లోపలి జిగురు పొరను అది బలపరిచేది, పుండ్లు మానేవి కూడా. కాబట్టి అతిమధురంలో పస లేదని నేను అనను. కడుపులో యాసిడ్ తగ్గించే మందులు, 1976లో సిమెటిడిన్, ఆ తర్వాత ఒమెప్రజోల్ వచ్చాక కార్బెనోక్సలోన్ వెనకబడింది. వీటితో పుండు మానుతుంది, ఒళ్లు మాత్రం వాచదు.

అవును, వాపు. రెవర్సే తన రోగుల్లో కొందరికి ఒళ్లు వాచడం గమనించాడు. మన ఒంట్లోని కార్టిజాల్‌ హార్మోన్‌ను కిడ్నీలో అదుపు చేసే ఎంజైమ్ ఒకటి ఉంది. గ్లైసిరైజిన్ దాన్ని అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ పెరుగుతుంది. పిన్నికి మూడో వారంలో చీలమండలు ఉబ్బాయి. బొటనవేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువ. "బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు నాన్నా, మరెందుకు పెరిగింది?" అని అడిగింది. పొడి మందు కాదు కదా అని దాని మాట డాక్టరుకు చెప్పనేలేదు.

ఇక "ఎంత పాత అల్సరైనా" అన్న మాట. అల్సర్లలో ఎక్కువ వాటికి కారణాలు రెండే: హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, లేదా నొప్పి బిళ్లలు. ఆ బ్యాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్షల్, వారెన్ అనే డాక్టర్లు ల్యాబ్‌లో పెంచి చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. అది ఉందని పరీక్షలో తేలితే సాధారణంగా 14 రోజుల యాంటీబయాటిక్స్ కోర్సు ఇస్తారు. అతిమధురం, పసుపు, వెల్లుల్లి ల్యాబ్‌లో గాజు పళ్లెంలో ఆ క్రిమిని అణిచాయి, నిజమే. కానీ కడుపులో అది జిగురు పొర అడుగున దాక్కుని ఉంటుంది. పళ్లెంలో ఫలితం చూసి కోర్సు మానేస్తే ఎలా?

పాలు? తాగగానే హాయిగా ఉంటుంది, కాసేపటికి యాసిడ్ ఇంకా ఊరుతుంది.

పిన్నికి ఎండోస్కోపీ చేస్తే పుండు ఉంది, పైలోరీ లేదు. మోకాళ్ల కోసం ఏడాదిగా పొద్దునే ఖాళీ కడుపుతో వేసుకుంటున్న నొప్పి బిళ్లే కారణమని తేలింది. అంతదూరం తిరిగిన ఆ మెసేజ్‌లో నొప్పి బిళ్లల గురించి ఒక్క ముక్క లేదు.

బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ఆ పొడి జోలికి వెళ్లొద్దు. విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. పొడి తాగుతుంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.