భయపెట్టే బౌలర్లు కావలెను

ధరలు పెరుగుతున్నాయని రాస్తారు, ఎండలు మండుతున్నాయని రాస్తారు, ట్రాఫిక్ గురించి రోజూ రాస్తారు. అసలు సమస్య మాత్రం ఎవరికీ పట్టదు. ఫాస్ట్ బౌలర్‌ని చూస్తే భయం వేయడం మానేసింది. నాకు కాదండీ, నాకెందుకు వేస్తుంది, నేను సోఫాలో ఉంటాను, ఒళ్లో మిరపకాయ బజ్జీల ప్లేటుంటుంది, నాకూ బంతికీ మధ్య టీవీ అద్దం ఉంటుంది. బ్యాట్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడికి వేయడం లేదు. వాడు వణకకపోతే నేను బజ్జీ ఏ మొహం పెట్టుకుని తినాలి?

ఈ విషయంలో నా గురువు ఎదురు ఫ్లాట్ బాబాయ్. ఉద్యోగంలో ఉండగా కాస్త మొహమాటం ఉండేది, రిటైరయ్యాక అదీ పోయింది. తెర మీద ఏ బౌలర్ కనిపించినా ఒకటే మాట: "వీడూ ఫాస్టేనట్రా? హోల్డింగ్‌ని చూశావా నువ్వు?" వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ మైకేల్ హోల్డింగ్‌ని నేను చూడలేదు. ఆ మాటకొస్తే బాబాయ్ కూడా చూడలేదు. 1976లో ఆయన ఇంటర్ చదువుతున్నాడు, ఊళ్లో టీవీ లేదు, మ్యాచేమో జమైకాలో. తర్వాతెప్పుడో పేపర్లో స్కోరు చదివి భయపడ్డాడు. కానీ ఆ స్కోరు చదివితే ఎవరైనా భయపడతారు, అది ఒప్పుకోవాలి. అక్కడి కింగ్‌స్టన్‌లో, సబీనా పార్క్‌లో, మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్ 306కి ఆరు వికెట్ల దగ్గర డిక్లేర్ చేశారు. పరుగులు చాలనుకుని కాదు, వేళ్లు మిగలవేమోనని. విశ్వనాథ్ వేలు విరిగింది, బ్రిజేష్ పటేల్ మూతి పగిలింది, 81 దగ్గరున్న అంశుమన్ గైక్వాడ్ చెవికి తగిలి ఆసుపత్రికి పోయాడు. కెప్టెన్ బేడీ, చంద్రశేఖర్ ఫీల్డింగులోనే చేతులు పాడుచేసుకున్నారు. రెండో ఇన్నింగ్స్ 97కి ఐదు వికెట్ల దగ్గర ముగిసింది, ఎందుకంటే మిగతా ఐదుగురి పేర్ల ఎదురుగా ‘గాయం వల్ల గైర్హాజరు’ అని ఉంది. టూర్‌కి వెళ్లిన పదిహేడు మందీ ఏదో ఒక సమయంలో ఫీల్డింగ్ చేశారు. వెస్టిండీస్‌కి కావలసింది 13 పరుగులు. పది వికెట్లతో గెలిచారు.

తప్పు మనది కూడా ఉంది. దానికి ముందు టెస్టులో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, మనవాళ్లు నాలుగో ఇన్నింగ్స్‌లో 406 కొట్టి గెలిచారు. ముగ్గురు స్పిన్నర్లని పెట్టుకుని ఓడిపోయిన వెస్టిండీస్ కెప్టెన్ క్లైవ్ లాయిడ్‌కి స్పిన్ మీద నమ్మకం పోయింది. అంతకుముందే ఆస్ట్రేలియాలో ఫాస్ట్ బౌలర్లు లిల్లీ, థామ్సన్ చేతుల్లో 5-1 తేడాతో తిని వచ్చి ఉన్నాడు. ఎండీ మేనేజర్ని తిడితే, మేనేజర్ సూపర్‌వైజర్ని తిడితే, సూపర్‌వైజర్ ఇంటికెళ్లి సాంబారులో ఉప్పెక్కువైందన్నట్టు, బ్రిస్బేన్‌లో మొదలైన కోపం కింగ్‌స్టన్‌లో గైక్వాడ్ చెవి దగ్గర తేలింది.

ఆ స్కోరు చదివిన రోజు బాబాయ్ అన్నం తినలేదట. "అది క్రికెట్ట్రా? రౌడీయిజం!" అని అప్పట్లో హాస్టలంతా తీర్మానం చేశారట. అదే బాబాయ్ 2021లో లార్డ్స్ టెస్టు చూస్తూ, బుమ్రా ఇంగ్లండ్ పదకొండో నంబరు ఆటగాడైన ముప్పై తొమ్మిదేళ్ల జేమ్స్ అండర్సన్‌కి నోబాల్స్‌తో కలిపి పది బంతుల ఓవర్ వేసి, ఒంటి మీదికి బంతి మీద బంతి విసురుతుంటే, సోఫా చెయ్యి మీద కొడుతూ "వెయ్యి నాన్నా, ఇంకోటెయ్యి" అన్నాడు. రౌడీయిజం ఎక్కడికి పోయింది బాబాయ్ అంటే, "ఇది అగ్రెషన్ రా" అన్నాడు. మన వీధిలో మనకి కారు లేనన్నాళ్లూ కారున్నవాడు పొగరుబోతు. మనం కొన్నాక హారన్ కొడితే జరగనివాడు పొగరుబోతు. ఇదీ అంతే.

మనకి కారు లేని రోజులు మామూలుగా గడవలేదు. 1967లో ఎడ్జ్‌బాస్టన్‌లో కొత్త బంతి వికెట్ కీపర్ బుధి కుందరన్ చేతికిచ్చారు. నువ్వేం వేస్తావని కెప్టెన్ పటౌడీ అడిగితే తనకీ తెలియదన్నాడని చెప్పుకుంటారు. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ గవాస్కర్ కూడా కొత్త బంతితో నాలుగడుగులు పరుగెత్తిన రోజులున్నాయి. మెరుపు పోగొడితే చాలు, మిగతా పని స్పిన్నర్లది. అంటే మన కొత్త బంతి బౌలర్ పని ఒక రకంగా బంతిని బాది మెత్తబరచడమే. మన హైదరాబాదీ అబిద్ అలీ మీడియం పేస్‌తోనే అడిలైడ్‌లో మొదటి టెస్టులో 55 పరుగులకి ఆరు వికెట్లు తీశాడు, నిజమే, గొప్ప విషయం. కానీ ఆయన్ని చూసి ఎవరూ తల్లికి ఉత్తరం రాసి ఉండరు.

సరే, ఇప్పటి కరువుకి వద్దాం. 2019లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ గంటకి దాదాపు 148 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ స్టీవ్ స్మిత్ మెడకి తగిలి, స్మిత్ అలా పడిపోయాడు. స్మిత్ బదులు లబుషేన్ దిగి, టెస్టుల్లో మొట్టమొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ (తలదెబ్బ తిన్నవాడి బదులు దిగే ఆటగాడు) అయ్యాడు. అలాంటి ఆర్చర్ 2025 మార్చి 23న, ఆదివారం మధ్యాహ్నం, మన ఉప్పల్‌కి వచ్చాడు. నాలుగు ఓవర్లు వేశాడు. 76 పరుగులు ఇచ్చాడు. అప్పటిదాకా ఐపీఎల్ చరిత్రలో అంత ఖరీదైన స్పెల్ ఇంకోటి లేదు. సన్‌రైజర్స్ స్కోరు 286. బాబాయ్ ఆ మధ్యాహ్నం మొదటి రెండు ఓవర్లు కేకలు వేశాడు, మూడో ఓవర్‌కి నిశ్శబ్దమయ్యాడు, నాలుగో ఓవర్‌కి లేచి వెళ్లి బాల్కనీలో ఆరేసిన బట్టలు తీశాడు. "పాపంరా" అన్నాడు. ఫాస్ట్ బౌలర్‌ని చూసి పాపం అనిపించే రోజు వస్తుందని ఏ బ్రహ్మంగారైనా రాశారేమో చూడాలి.

కారణాలు అందరికీ తెలిసినవే. పిచ్ హైవేలా ఉంటుంది, బౌండరీ తాడు ఏటా లోపలికి జరుగుతుంది, బ్యాట్ అంచులు మా ఫ్లాట్ గోడలకన్నా మందంగా ఉంటాయి. బౌన్సర్ని, అంటే తల మీదికి లేచే బంతిని, 1991లోనే రేషన్ కార్డెక్కించారు, ఒక్కో బ్యాట్స్‌మన్‌కి ఓవర్‌కి ఒకటి. గోల చేస్తే 1994లో ఓవర్‌కి రెండు చేశారు. ఇక హెల్మెట్, మెడ వెనక గార్డు. 2014లో మెడకి బౌన్సర్ తగిలి ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ పోయాక దాని మీద జోకు వేసే ధైర్యం నాకు లేదు, వేయను.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ ఐపీఎల్ వేలంపాట. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో, ప్రపంచ కప్ ఫైనల్లో, ఏం జరిగిందో మీకు గుర్తు చేయాల్సిన పని లేదు. అంతమంది జనాన్ని నోరెత్తకుండా చేయడంలో ఉన్న తృప్తి ఇంకెందులోనూ లేదని ఆస్ట్రేలియా కెప్టెన్ ప్యాట్ కమిన్స్ ముందురోజే చెప్పాడు, చెప్పి మరీ చేశాడు. కోహ్లీ బౌల్డ్ అయినప్పుడు మా హాల్లో ఫ్యాను చప్పుడు వినిపించింది. బాబాయ్ ఆ కమిన్స్‌ని వాడన్నాడు, వీడన్నాడు, ఇక్కడ రాయలేనివి కూడా అన్నాడు. సరిగ్గా నెలకి, డిసెంబరు 19న, మన హైదరాబాద్ ఫ్రాంచైజీ ఆయన్ని 20.5 కోట్లు పెట్టి కొంది. ఆ ఫైనల్లో మనల్ని చావబాదిన ట్రావిస్ హెడ్‌ని 6.8 కోట్లకి తోడు తెచ్చుకుంది. ఏప్రిల్ వచ్చేసరికి బాబాయ్ నోట "మన కమిన్స్ అన్న" అనే మాట నేను ఈ చెవులతో విన్నాను. ఇలాగైతే భయం ఎక్కడ నిలుస్తుంది చెప్పండి? నవంబర్లో పక్కటెముకలకి గురిపెట్టినవాడు ఏప్రిల్లో పక్క సీట్లో కూర్చుని బిర్యానీలో ఎక్స్‌ట్రా రైతా అడుగుతుంటే, మళ్లీ నవంబర్లో వాణ్ని చూసి ఎలా వణకాలి?

ఇంత కరువులోనూ ఒక్క ఆశాదీపం ఉంది, అదీ మన ఊరిదే. మహమ్మద్ సిరాజ్. ఆటో డ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో మొదలుపెట్టినవాడు, 2017లో మన ఫ్రాంచైజీ 2.6 కోట్లకి కొని ఒక్క సీజన్ ఆడించి వదిలేసినవాడు. (20.5 ఎక్కడ, 2.6 ఎక్కడ అని నేను అనడం లేదు. మీరు అనుకుంటే నేనేం చేయను.) 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఆయనకి డీఎస్పీ ఉద్యోగమిచ్చింది. క్రికెట్ చరిత్రలో భయపెట్టే అధికారం గెజిట్ ప్రకారం చేతికొచ్చిన ఫాస్ట్ బౌలర్ ఎంతమంది ఉంటారు? నేను పొంగిపోయాను. తీరా జరిగిందేమిటి? రెండు నెలలు తిరక్కుండా అడిలైడ్‌లో, 140 కొట్టిన హెడ్‌ని బౌల్డ్ చేసి, పెవిలియన్ అటుంది పొమ్మని చెయ్యి చూపించినందుకు ఐసీసీ మ్యాచ్ ఫీజులో 20 శాతం కోసింది. మరుసటి జులైలో లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఓపెనర్ బెన్ డకెట్‌ని అవుట్ చేసి మొహంలో మొహం పెట్టి అరిచినందుకు 15 శాతం. డీఎస్పీకే చలానా! మా చౌరస్తాలో హెల్మెట్ లేకుండా ముగ్గురెక్కి పోయే కుర్రాళ్లకి లేని భయం డీఎస్పీ గారికి ఉండాలట.

అయినా ఆయన ఆగలేదు, అదీ నాకు నచ్చింది. ఆర్చర్‌కి 76 పడిన అదే ఉప్పల్‌కి రెండు వారాల తర్వాత గుజరాత్ చొక్కాలో వచ్చి 17 పరుగులకి నాలుగు వికెట్లు తీశాడు, మొదటి ఓవర్లోనే హెడ్‌ని పంపించాడు. స్టేడియమంతా ఆరెంజ్ జెండాలు పట్టుకుని ఏడవాలో, మనవాడే కదా అని నవ్వాలో తెలీక సగం సగం చేసింది. ఇంగ్లండ్‌లో ఆ సిరీస్ మొత్తం 23 వికెట్లు, ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గెలుపు. అవన్నీ ఫుల్ లెంగ్త్, సీమ్, ఓపికతో వచ్చినవని బాబాయ్ పెదవి విరిచాడు. "ఒక్కడి పన్నైనా రాలిందా?" అన్నాడు.

పన్ను అంటే గుర్తొచ్చింది, మన తెలుగు మూలాలున్న, భారత తొలి టెస్టు కెప్టెన్ సీకే నాయుడు యాభై దాటిన వయసులో రంజీ ఆడుతుంటే దత్తు ఫడ్కర్ బంతి మూతికి తగిలి పళ్లు ఊడాయని, వాటిని పిచ్ మీంచి తోసేసి, వేగం తగ్గించకు అన్నాడని కథగా చెప్తారు. నేను ఆ కథ విన్నప్పుడల్లా నా పళ్లు ఒకసారి నాలుకతో తడుముకుంటాను.

ఎందుకంటే నేనూ ఒక్కసారి నిలబడ్డాను. డిగ్రీ రెండో ఏడు, వేసవి సెలవులు, పక్క ఊరితో కార్క్ బాల్ బెట్ మ్యాచ్. ఇద్దరు బ్యాట్స్‌మన్లకి కలిపి ఉన్నది ఒక జత ప్యాడ్లు, తలా ఒకటి, ముందు కాలికి. గార్డు స్థానంలో మడిచిన కర్చీఫ్. బౌలింగ్ వేసేది ఒక తాపీ మేస్త్రీ, లుంగీ మోకాళ్లపైకి కట్టి, చెప్పులు చింతచెట్టు దగ్గర విడిచి, అక్కణ్ణుంచే పరుగు మొదలుపెట్టాడు. మొదటి బంతి నాకు కనిపించలేదు, వినిపించింది. చెవి పక్కన పెద్ద తుమ్మెద పోయినట్టు ‘జుయ్’ మని. వెనక కీపర్ ఎంత దూరంలో ఉన్నాడంటే వాడు పట్టిన చప్పుడు కాసేపటికి గానీ రాలేదు. మేస్త్రీ గుడ్లురమలేదు, మీసం తిప్పలేదు. దగ్గరికొచ్చి, చాలా నెమ్మదిగా, "తమ్ముడూ, కాస్త పక్కకి జరిగి ఆడు, తగుల్తది" అన్నాడు. ఆ ప్రేమకి నా మోకాళ్లు కొట్టుకున్నాయి. రెండో బంతికి బౌల్డ్. స్టంపులు విరిగిన చప్పుడంత తియ్యటి సంగీతం నేను మళ్లీ వినలేదు. కాబట్టి ఇక నుంచి ఫాస్ట్ బౌలర్లు మీసం పెంచాలని నేను రాయబోయిన డిమాండ్ వెనక్కి తీసుకుంటున్నాను. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ మిచెల్ జాన్సన్ మీసంతో, ఇంగ్లండ్ మీద ఆడే యాషెస్ సిరీస్‌లో 37 వికెట్లు తీసిన మాట నిజమే, కానీ మేస్త్రీకి మీసం లేదు.

ఇదంతా బాబాయ్‌కి చెప్తే నవ్వాడు. "కార్క్ బాల్‌కేనట్రా?" అన్నాడు. సరే, మొన్న ఆదివారం అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో పిల్లలు ఆడుతుంటే బ్యాట్ ఆయన చేతికిచ్చాం. బౌలర్ ఆయన మనవడే, పన్నెండేళ్లు, చేతిలో టెన్నిస్ బంతి, దానికి సగం ఎర్ర టేపు చుట్టారు. వాడు నీళ్ల ట్యాంకు గోడ దాకా వెళ్లి ఆగాడు. తిరిగి మా వైపు చూశాడు. వాడు అంత దూరం ఎందుకెళ్లాడో బాబాయ్‌కి అప్పుడర్థమైంది. గార్డ్ తీసుకున్నాడు, ప్యాంటు పైకి లాక్కున్నాడు, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీసి పెట్టుకున్నాడు. మనవడు పరుగు మొదలుపెట్టి సగం దారికొచ్చేసరికి ఆయన లెగ్ స్టంప్ దాటి, ఆరేసిన దుప్పట్ల దాకా జరిగిపోయి చెయ్యెత్తాడు.

"ఆగరా! వెలుతురు సరిగ్గా లేదు!"

టైము నాలుగున్నర. మే నెల. అంపైర్ని నేనే. ఆట ఆపేశాను.