మడిలో కొలిచిన అంకెకే దౌత్యంలో విలువ

వాతావరణ సదస్సులకు వెళ్లే మన బృందాల్లో శాస్త్రవేత్తలు ఎందరన్న చర్చ తరచూ జరుగుతుంది. అంతకంటే ముందు తేలవలసిన విషయం, వారి చేతిలోని అంకెలను ఎవరు, ఎక్కడ కొలిచారన్నది.

మూడు దశాబ్దాల కిందటి వరి పొలాల వివాదాన్ని మనం దాదాపు మరచిపోయాం. మన మాగాణుల నుంచి ఏటా సుమారు 3.8 కోట్ల టన్నుల మీథేన్, అంటే భూమిని వేడెక్కించే వాయువు, వెలువడుతోందని 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా వేసింది. అది ప్రధానంగా ఐరోపా, అమెరికా పొలాల కొలతలను మన విస్తీర్ణానికి హెచ్చవేసి రాబట్టిన లెక్క. వాతావరణ ఒప్పందం 1992లో రియోలో సంతకాలకు రానున్న తరుణంలో ఆ అంకె అలాగే నిలిచి ఉంటే, అన్నం పండించుకుంటున్నందుకే మన రైతు బోనులో నిలబడవలసి వచ్చేది.

దానికి జవాబు విదేశాంగ శాఖ ప్రకటనతో రాలేదు, పొలం నుంచి వచ్చింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్త ఎ.పి. మిత్ర నాయకత్వంలో 1991లో దేశంలోని పలు వరి ప్రాంతాల్లో కొలతలు సాగాయి. వరి దుబ్బుల మీద పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకొకసారి సిరంజితో లోపలి గాలిని తీసి పరీక్షించడమే ఆ పద్ధతి. తేలిన మొత్తం సుమారు 40 లక్షల టన్నులు, అంటే పాత అంచనాలో పదో వంతుకు కాస్త ఎక్కువ. నీరు నిలిచి మట్టికి గాలి ఆడనప్పుడే మీథేన్ పుడుతుంది. మన వరిలో చాలా భాగం వర్షాధారం, లేదా నడుమ నడుమ తడి ఆరే నేల. ఏ రైతును అడిగినా చెప్పగల ఈ తేడా ఆ అంచనాకు అందలేదు.

విజ్ఞానానికి సరిహద్దులు ఉండవని, ప్రతి దేశం తన అంకెలతో వస్తే ఒప్పందాలు కుదరవని కొందరి అభ్యంతరం. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అయితే ఓజోన్ ఒప్పందాన్నే చూడండి. అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో 1950ల చివరి నుంచి బ్రిటిష్ పరిశోధకులు విడవకుండా ఓజోన్‌ను కొలిచారు కాబట్టే 1985లో ఆ పొర పలుచబడిన సంగతి లోకానికి చెప్పగలిగారు. రెండేళ్లకే మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. ఎవరి కొలతనైనా మరొకరు సరిచూడగలిగినంత కాలం సొంత కొలత ఒప్పందానికి బలమే అవుతుంది.

మీథేన్ తగ్గింపు ప్రతిజ్ఞపై 2021లో గ్లాస్గోలో మనం సంతకం చేయలేదు. ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. కానీ 1991 నాటి కొలతల బలంతోనే ఎంతకాలం వాదించగలం? అప్పటికీ ఇప్పటికీ వంగడాలు మారాయి, యాజమాన్యం మారింది, తెలంగాణలో వరి విస్తీర్ణం ఊహించనంత పెరిగింది. పరిశోధనకు దేశ జీడీపీలో ఒక శాతం కూడా దాటని ఖర్చుతో ఈ మార్పులను ఏటా కొలవడం సాధ్యం కాదు. గోదావరి డెల్టా దాళ్వాలోనూ, బోరు కింద ఆరుతడి పెట్టే మడిలోనూ ప్రతి సీజన్‌లో ఆ పెట్టెలు బోర్లించే కేంద్రాలు శాశ్వతంగా ఉండాలి. అక్కడ నమూనాలు తీసిన శాస్త్రవేత్తే తర్వాతి సదస్సులో మన రాయబారి పక్క కుర్చీలో కూర్చోవాలి.