బ్యాటరీ బియ్యం డబ్బాలో ఉంది

మా కోనసీమలో దోమలకి వలస వెళ్లాల్సిన ఖర్మ ఎప్పుడూ పట్టలేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసి, కాలవలు పారించి మా తాతముత్తాతలకి అన్నం పెట్టాడు. ఆయన విగ్రహానికి దండ వేసి దణ్ణం పెట్టుకుంటాం, అందులో లోటేం లేదు. కాకపోతే ఆ కాలవలూ, బోదెలూ, కొబ్బరితోటల్లో నిలిచిన నీళ్లూ చూసుకుని దోమలు కూడా ఆయన్ని రోజూ తలుచుకుంటూనే ఉంటాయని నా అనుమానం. సాయంత్రం ఆరు దాటితే మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. చప్పట్లు కొట్టుకుంటారు.

అందుకని పడగ్గది కిటికీకి మెష్ ఫ్రేమ్ చేయిద్దామనుకున్నాం. కిటికీ నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. వడ్రంగి మేస్త్రికి కబురు పెడితే "ఆయ్, రేపొచ్చేత్తానండి" అన్నాడు. మా వైపు 'రేపు' అన్న మాటకి క్యాలెండరుతో సంబంధం ఉండదు. మూడు వారాలు చూశాక నాకు పౌరుషం వచ్చింది. నాలుగు రీపరు ముక్కలు (సన్నటి చెక్కబద్దలే లెండి), నాలుగు మూలలు, మూల మూలకీ 45 డిగ్రీల కోత. 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ మాత్రం చెయ్యలేనా? పైగా ఆ మేస్త్రి ఎనిమిదో తరగతిలో నా దగ్గరే లెక్కలు తప్పాడు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఆన్‌లైన్‌లో కార్డ్‌లెస్ మైటర్ సా పంపించాడు. గుండ్రటి రంపపు బ్లేడు, దానికో హ్యాండిలు, కింద తిరిగే బల్ల. బల్లని కావలసిన కోణానికి తిప్పుకుని, రీపరుని వెనకాల ఉన్న ఇనపగోడకి ఆనించి, హ్యాండిల్ని బోరింగు కొట్టినట్టు కిందికి దించడమే. బ్లేడు అడ్డకొలత 216 మిల్లీమీటర్లు, నిమిషానికి నాలుగు వేల చుట్ల పైమాట. వైరు లేనిది ఎందుకంటే, మా ఊళ్లో కరెంటు కూడా మేస్త్రి లాంటిదే. వస్తానంటుంది.

దాంతోపాటు ఒక పుస్తకం వచ్చింది. సగం పుస్తకం హెచ్చరికలే. నేను వారంటీ కాగితం చదివాను, మా ఆవిడ హెచ్చరికలు చదివింది. మొదటి పేజీలోనే ఒక చెయ్యి బొమ్మ, దాని మీద అడ్డగీత.

"ఏవండీ, బ్లేడు మార్చాలన్నా, తుడవాలన్నా, బల్ల మీంచి జరపాలన్నా ముందు బ్యాటరీ తీసెయ్యాలట" అంటూనే బ్యాటరీ ఊడబీకి చీర కొంగులో చుట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నా సర్వీసులో పిల్లల దగ్గర ఎన్ని బొంగరాలు, ఎన్ని గోళీలు, చివరాఖర్లో ఎన్ని సెల్‌ఫోన్లు జప్తు చేశానో లెక్కలేదు. ఆ ఉసురు ఊరికే పోతుందా.

ఆదివారం పొద్దున్నే పెరట్లోని కొట్టుగదిలో ముహూర్తం పెట్టుకున్నాను. లుంగీ, భుజాన తువ్వాలు, మోటార్ సైకిల్ గ్లౌజులు, అబ్బాయి పెళ్లికి కొన్న నల్ల కళ్లజోడు. సరిగ్గా అప్పుడు మేస్త్రి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. అతని 'రేపు' ఆ వేళకి తెల్లారింది.

నన్ను ఎగాదిగా చూశాడు. నవ్వలేదు. ఆ నవ్వకపోవడంలోనే ఉంది అంతా.

"మాస్టారండీ, ముందా తువ్వాలు తీసెయ్యండి. లుంగీ కూడాను. ఫ్యాంటేసుకు రండి" అన్నాడు. వేసుకొచ్చాను. "ఆ గ్లౌజులెందుకండీ? బ్లేడు గ్లౌజుని లాగిందంటే చేతిని కూడా తోడు రమ్మంటాదండి." తీసేశాను. నల్లజోడు లాక్కుని తన సంచీలోంచి గీతలు పడ్డ ప్లాస్టిక్ కళ్లద్దాలు తీసి పెట్టాడు. కర్రని బల్ల మీద అదిమిపెట్టి, బ్లేడుకి జానెడు అవతల నా ఎడమ చెయ్యి ఉంచి, "ఇక్కడ. ఇంతకంటే దగ్గరకి రాకూడదండి" అన్నాడు. పుస్తకంలో 150 మిల్లీమీటర్లని రాసుంది, మనవాడి జాన ఇంకా ఉదారంగా ఉంది. "చేతికి చెయ్యి అడ్డంగా వెయ్యకండి. బ్లేడు పూర్తి స్పీడు అందుకున్నాకే కర్రకి ఆనించండి. తెగాక మీట వదిలేసి, బ్లేడు ఆగేదాకా పైకెత్తకండి."

చిన్నప్పటినుంచీ రంపాల మధ్య పెరిగినా అతని వేళ్లు పదికి పదీ ఉన్నాయి. లెక్కపెట్టాను, వృత్తి దోషం.

"ఇప్పుడే టీ తాగొచ్చేత్తానండి" అని వెళ్లాడు. ఇప్పుడే అంటే ఎప్పుడో మీకు చెప్పక్కర్లేదు.

ఆవిడ చేత ఒట్టు వేయించుకుని బ్యాటరీ తెచ్చుకున్నాను. ఒట్టు వేసింది నేనే లెండి, వేయించింది ఆవిడ. మొదటి కోత అద్భుతం. హ్యాండిల్ దిగుతుంటే బ్లేడు మీది తొడుగు దానంతటదే వెనక్కి తొలిగింది, టేకు వాసన గుప్పుమంది, బొంబాయి రవ్వలాంటి పొట్టు పాదాల మీద రాలింది. కోసిన ముఖం మీద వేలు పెట్టి రాస్తే చిత్రిక పట్టినంత నునుపు. ఇంక ఊపు ఆగలేదు. పది నిమిషాల్లో ఎనిమిది కోతలూ అయిపోయాయి.

ముక్కలు పట్టుకెళ్లి అరుగు మీద పేర్చాను. మూల కలవలేదు. తిరగేశాను, ఇంకో మూల విడిపోయింది. ప్రతి ముక్కకీ రెండు చివరలూ ఒకే వైపుకి వాలి ఉన్నాయి, తెల్లవారుజాము పెళ్లిలో కునికిపాట్లు పడే మగపెళ్లివారిలా. ఒక చివర కుడికి కోస్తే రెండో చివర ఎడమకి కోయాలి కదా. నేను బల్ల తిప్పకుండా రీపరు జరుపుకుంటూ కోసుకుంటూ పోయాను. చేతిరంపం అయితే మూడో కోతకే భుజం నొప్పెట్టి ఆగేవాణ్ణి, ఆగితే ముక్క వంక చూసేవాణ్ణి. దీనికి అలుపు లేదు, అందుచేత నాకు చూపు లేదు.

సరే, బల్ల అటు తిప్పి ప్రతి ముక్కకీ ఒక చివర మళ్లీ కోశాను. ఈసారి ఎదురెదురు ముక్కలు సమానం కాలేదు. పెన్సిల్ గీత మీద బ్లేడు పెట్టాను గానీ, బ్లేడుకి 2 మిల్లీమీటర్ల మందం ఉంటుందనీ, గీతకి అటా ఇటా అన్నది ముందే తేల్చుకోవాలనీ తట్టలేదు. ఒక ముక్క గీతకి లోపల, ఒక ముక్క బయట. పొడుగుది కాస్త తగ్గించాను. ఇప్పుడు అదే పొట్టిదైంది. దీన్ని తగ్గించాను. పిల్లులకి కోతి రొట్టె పంచినట్టు కిటికీ నా కళ్లముందే చిన్నదైపోతోంది. ఫ్రేము ఇంక ఏ గదికి పనికొస్తుందా అని మనసులో ఇల్లంతా తిరిగొస్తున్నాను. పడగ్గది దాటి, వంటిల్లు దాటి, స్నానాలగది వెంటిలేటరు దాకా వచ్చాను.

ఆ టెన్షన్‌లో ఉండగా కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, బల్బు ఆరింది. ఉలిక్కిపడి మీట వదిలేశాను. హ్యాండిల్ ఇంకా కిందే ఉంది. బ్లేడు ఆగిపోయింది. బ్లేడుకీ ఇనపగోడకీ మధ్య రెండంగుళాల తునక ఇరుక్కుని కనిపించింది. కరెంటు లేదు కదా, భయమేముంది, తీసేద్దామని ఎడమ చెయ్యి చాపాను. గ్రైండరు, మోటారు, మిక్సీ... కరెంటు పోతే అన్నీ చచ్చి పడుకుంటాయి, అప్పుడు చెయ్యి పెట్టొచ్చు. అరవై ఏళ్ల అలవాటు. కరెంటు వచ్చిందో లేదో చూడ్డానికి ఓసారి స్విచ్ నొక్కి చూడటం కూడా ఆ అలవాటులో భాగమే. కుడిచేతి బొటనవేలు లాకు మీద, చూపుడువేలు మీట మీద అలానే ఉన్నాయి.

ఫ్యాను ఆగితే దోమలకి పండగ. చాపిన ఎడమచెయ్యి తునకని ముట్టుకోబోయే క్షణంలో ఒకటి నా చెవి తమ్మె మీద వాలి సూది దింపింది. ఎడమచెయ్యి చటుక్కున వెనక్కొచ్చి చెవి మీద చెళ్లుమంది. కుడిచేతి వేలు, ఎందుకో తెలీదు, నొక్కేసింది.

మిషనుకి మా ఊరి కరెంటు సంగతి తెలీదు. బుర్రుమని లేచింది. తునక ఎప్పుడు ఎగిరిందో నేను చూడలేదు, గాలి మాత్రం చెంప పక్కనుంచి వెళ్లింది. నూతి దగ్గర బోర్లించిన ఇత్తడి గంగాళం ఖంగుమంది. ఆ మోత పెరడంతా తిరిగి ఇంట్లోకి వెళ్లింది. ముందుగదిలో కునుకుతున్న మా అత్తగారు "గోవిందా, గోవింద" అంటూ లేచి రెండు చేతులూ జోడించి హారతి కళ్లకద్దుకున్నారట.

మా ఆవిడ వచ్చింది. ఏమీ అనలేదు. నా ఎడమచెయ్యి పట్టుకుని చూసింది, కుడిచెయ్యి చూసింది, బ్యాటరీ ఊడబీకింది, వెళ్లిపోయింది. గంగాళానికి పడిన సొట్ట మా అత్తవారింటి సారెకి పడిన సొట్టని నాకు సాయంత్రం గానీ తెలియలేదు.

మేస్త్రి టీ తాగి వచ్చాడు. నేల మీద మిగిలిన ముక్కల్లో రెండు చివరలూ ఒకే వాటంగా వాలిన దాన్ని ఏరి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పాడు.

"మాస్టారండీ, ఇది సమాంతర చతుర్భుజం కదండీ?"

"అవునురా."

"ఆయ్. ఎనిమిదో తరగతిలో ఇది గియ్యలేదని గోడకుర్చీ వేయించారండి నా చేత."

నేను ఆకాశం వంక చూశాను. కొబ్బరిచెట్లు ఎప్పటిలానే ఉన్నాయి.

కరెంటు సంగతి చెబితే మాత్రం అతని మొహంలో నవ్వు పోయింది. "వైరున్న మిషనైతే ప్లగ్గు పీకితే ఊరుకుంటాదండి. ఇది సొంత కరెంటు మూట కట్టుకుని తిరుగుతాదండి. మీట వదలాలి, బ్లేడు ఆగాలి, హ్యాండిల్ పైకెత్తాలి, బ్యాటరీ పీకాలి. ఆ తర్వాతే చెయ్యండి. అయినా అంగుళాల తునకలు కోయడమేంటండీ, పట్టుకోడానికి జాగా ఉండాలి కదా."

తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మగారూ, బ్యాటరీ ఇప్పించండి" అన్నాడు. నాకు ఒట్టు మీద గానీ రాని బ్యాటరీ అతనికి కాఫీతో పాటు వచ్చింది. దాని సందుల్లో రెండు బియ్యపు గింజలున్నాయి. "బియ్యం డబ్బాలో పెట్టాను. చెమ్మ తగలకుండా" అంది మా ఆవిడ. ఫోను నీళ్లలో పడితే బియ్యంలో పెడతారు కదా, ఆ శాస్త్రం. అతను ఊదేసి బిగించాడు.

కొత్త రీపరు తెప్పించి, క్లాంపు బిగించి, ఉత్త స్క్రాపు ముక్క ఒకటి కోసి మూలమట్టంతో చూసుకుని, ఆ తర్వాత అసలు ముక్కలు కోశాడు. అరగంటలో కిటికీకి ఫ్రేము కూర్చుంది. నాకు మెష్ చుట్ట రెండో కొస పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు.

నేను కోసిన ముక్కలు పారేయలేదు. చివరికి రెండడుగులు, అడుగున్నర ఫ్రేము అయింది. ఒక మూల ఇప్పటికీ కొద్దిగా నోరు తెరిచే ఉంటుంది. డాబా మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టినప్పుడు కాకులు రాకుండా మా ఆవిడ దాన్ని మూత పెడుతోంది. ఆ నోరు తెరిచిన మూల దగ్గర ఒక కాకి రోజూ కూర్చుని ఆలోచిస్తోంది.

మిషను మళ్లీ వాడుతూనే ఉన్నాను. మొక్కలకి గూళ్లు, చెప్పుల స్టాండు, చిన్నా చితకా. కొట్టుగదిలోకి వెళ్లిన రోజు రాత్రి భోజనానికి కూర్చుంటే మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడుతుంది. నేను రెండు చేతులూ ముందుకి చాపి, వేళ్లు విడదీసి చూపించాలి. సోమవారం ప్రార్థనలో నేను పిల్లల గోళ్లు చూసేవాణ్ణి, అచ్చం అలాగే. అటు తిప్పి, ఇటు తిప్పి, పదీ ఉన్నాయని తేల్చుకున్నాకే అన్నం వడ్డిస్తుంది.